అరూడాలో నా ఆదివారాలు

ఇల్లంతా చూపించి, తాళం నా చేతిలో పెట్టబోయి మళ్ళీ వెనక్కి తీసుకుని "నీది ఏ టీమ్?" అని అడిగారు మా ఇంటి ఓనరు పెద్దాయన. అది 2011 ఫిబ్రవరి. ఈశాన్య బ్రెజిల్ తీరంలో ఉన్న రెసిఫే ఊళ్ళో దిగి అప్పటికి నాలుగు రోజులైంది. ఓడరేవు పక్కన పాత ఊళ్ళో పోర్తు డిజిటల్ అని సాఫ్ట్‌వేర్ కంపెనీలన్నీ ఉండే పేట ఒకటుంది, అక్కడ ఒక ప్రాజెక్ట్ మీద వచ్చాను. మూడు నెలలు కూర్చుని నేర్చుకున్న పోర్చుగీసు తప్ప నా దగ్గర ఇంకే ఆసరా లేదు. ఫుట్‌బాల్ గురించే అడుగుతున్నారని అర్థమై, ఆయన సంతోషిస్తారు కదా అని "బ్రెజిల్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపారు. "బ్రెజిల్ మన దేశం నాయనా. టీమ్ ఏదని అడుగుతున్నా."

"నాయనా" అని నేను రాస్తున్నాను గానీ ఆయన అన్న మాట "మెవ్ ఫీల్యు". అక్కడ పెద్దవాళ్ళు చిన్నవాళ్ళని అలాగే పిలుస్తారు. నాకు టీమ్ లేదని తెలిశాక హాల్లో గోడ వైపు చూపించారు. ఎరుపు, నలుపు, తెలుపు అడ్డ చారల చొక్కా, అద్దం ఫ్రేములో. "అయితే ఇవాళ్టి నుంచి ఇదే" అని తాళం ఇచ్చేశారు. అద్దె గురించి ఆ తర్వాత మాట్లాడుకున్నాం.

ఆ చొక్కా సాంతా క్రూజ్ ఫుట్‌బాల్ క్లబ్‌ది. ఊళ్ళో మూడు పెద్ద క్లబ్బులు: స్పోర్ట్, నౌచికో, సాంతా క్రూజ్. సాంతా క్రూజ్‌ని ముద్దుగా "సాంతిన్యా" అంటారు. ఆ మూడు రంగుల వల్ల పగడపు పాము వాళ్ళ గుర్తు అయింది. నేను వెళ్ళేసరికి ఆ క్లబ్ నాలుగో డివిజన్‌లో ఉంది. బ్రెజిల్‌లో జాతీయ స్థాయిలో ఏ, బీ, సీ, డీ అని నాలుగే డివిజన్లు, దాని కింద ఇంకేమీ లేదు. 2006లో ఏ నుంచి బీకి, 2007లో బీ నుంచి సీకి, 2008లో సీ నుంచి డీకి, వరుసగా మూడేళ్ళు మెట్టు తర్వాత మెట్టు పడింది. 2009లో ప్రయత్నించింది, పైకి రాలేదు. 2010లో ప్రయత్నించింది, అప్పుడూ రాలేదు. ఇదంతా పెద్దాయన నాకు ఇంట్లో ఎవరిదో జబ్బు సంగతి చెప్పినట్టు మెల్లగా, గొంతు తగ్గించి చెప్పారు. సరే, ఓడిపోయిన చిన్న టీమ్, ఏ రెండు మూడు వేల మందో వస్తారేమో అనుకున్నాను నేను.

మొదటి ఆదివారం ఎన్‌క్రుజిల్యాదా బజారు దగ్గర నుంచి బెబెరిబే అవెన్యూ మీదుగా క్లబ్ స్టేడియంకి నడుచుకుంటూ తీసుకెళ్ళారు. సగం దారి నుంచే రోడ్డు కనపడలేదు. చంకలో పిల్లలతో వచ్చినవాళ్ళు, తలకి తువ్వాలు చుట్టుకున్న ముసలివాళ్ళు, అందరి ఒంటి మీదా ఆ చొక్కానే, కొన్ని ఉతికి ఉతికి ఎరుపు కాస్తా గులాబీ రంగుకి వచ్చేసినవి. రోడ్డు పక్కన బొగ్గుల మీద కాలుస్తున్న మాంసం పుల్లలు, చిన్న ప్లాస్టిక్ గ్లాసుల్లో వేడివేడి బీన్స్ చారు. ఉడికించిన కర్రపెండలం చూసి నేను అక్కడే ఆగిపోయాను. మాది సామర్లకోట వైపు, మా చుట్టుపక్కల సగ్గుబియ్యం మిల్లులకి వెళ్ళే కర్రపెండలం లారీలు చూస్తూ పెరిగినవాణ్ణి. ఆ దుంప మన దేశానికి వచ్చిందే ఈ బ్రెజిల్ వైపు నుంచి. అక్కడ దాన్ని మకషేరా అంటారు. కాస్త ఉప్పు, వెన్న వేసి ఇచ్చింది ఒకావిడ. ఆ రుచితోనే లోపలికి వెళ్ళాను.

అరూడా స్టేడియం గురించి ఎంత చెప్పినా నాకు తనివి తీరదు. బయటి నుంచి చూస్తే మాసిన సిమెంటు, పక్కన కాలవ, అంతే. మెట్లెక్కి పైకొచ్చాక ఒక్కసారిగా తెరుచుకుంటుంది. అసలు పేరు జోసే దో రేగో మాసియెల్ స్టేడియం, ఆ స్థలం క్లబ్‌కి దక్కడానికి తోడ్పడిన ఒకప్పటి రెసిఫే మేయర్ పేరు. కానీ ఆ పేరు నేను ఎవరి నోటా వినలేదు. "ముందావ్ దో అరూడా" అంటారు, అరూడాలోని పెద్ద ప్రపంచం అని. 1972లో మొదలైంది, మొదటి ఆట రియో నుంచి వచ్చిన ఫ్లమెంగోతో, 0-0. పై అంతస్తు 1982లో కట్టారు. క్లబ్ దగ్గర డబ్బు లేక, జీవితాంతం మీదేనంటూ కుర్చీలు ముందే అమ్మారు. ఇటుకలు, సిమెంటు బస్తాలు అభిమానులే తెచ్చి ఇచ్చారని పెద్దాయన చెప్పేవారు. ఆయన అప్పుడు ముప్ఫై దాటిన వయసులో, బట్టల మిల్లులో పని చేస్తూ, వాయిదాల మీద ఒక కుర్చీ కొనుక్కున్నారు. ఆ కుర్చీ ఉండి కూడా నేను వచ్చాక దాంట్లో కూర్చునేవారు కాదు. నాతో పాటు సిమెంటు మెట్ల మీదే కూర్చునేవారు, చెవి దగ్గర చిన్న బ్యాటరీ రేడియో పెట్టుకుని. ఆట కళ్ళ ముందే జరుగుతుంటే రేడియో ఎందుకని అడిగాను. "నేను చూసింది నిజమేనా అని ఇంకొకరు చెప్పాలి కదా" అన్నారు.

ఆ రోజు రాష్ట్రంలోని క్లబ్బుల మధ్య ఏటా జరిగే రాష్ట్ర పోటీలో ఏదో మామూలు ఆట. గ్యాలరీలు చాలా భాగం నిండాయి. నాలుగో డివిజన్ టీమ్‌కి!

క్లబ్ పుట్టిన చోటు కూడా ఆయనే చూపించారు. బోవా విస్తా పేటలో సాంతా క్రూజ్ చర్చి, దాని ముందు చిన్న ఆవరణ. మైదానం లేని కుర్రాళ్ళు ఆ చర్చి ముందే బంతి ఆడేవాళ్ళు. 14 నుంచి 16 ఏళ్ళ లోపు పిల్లలు 11 మంది కలిసి 1914 ఫిబ్రవరి 3న క్లబ్ పెట్టి, చర్చి పేరే దానికి పెట్టుకున్నారు. మొదటి రంగులు నలుపు, తెలుపు మాత్రమే. ఊళ్ళో ఇంకో క్లబ్‌కి కూడా అవే రంగులు ఉండడంతో ఎరుపు చేర్చారు. మొదటి రోజుల్లోనే తియోఫిలో బాతిస్తా దె కర్వాల్యో అనే నల్లజాతి కుర్రాడు అందులో ఆడాడు. అందరూ అతన్ని "లక్రాయా" అనేవాళ్ళు, అంటే జెర్రి. 1914 అంటే బ్రెజిల్‌లో బానిసత్వం రద్దయి 26 ఏళ్ళే, ఫుట్‌బాల్ అంటే ఇంగ్లండ్ వెళ్ళి చదువుకొచ్చిన షావుకార్ల పిల్లల ఆట. అలాంటప్పుడు అతను ఆడడం ఎంత పెద్ద సంగతో నాకు అక్కడ కొన్నాళ్ళు ఉంటేగానీ తెలియలేదు. ఇప్పటికీ దాన్ని జనం క్లబ్ అనే అంటారు.

చెరుకు రసం కథ మాత్రం నాకు అన్నిటికంటే ఇష్టం. క్లబ్ పెట్టిన కొద్దికాలానికే డబ్బులు అయిపోయి, ఖజానాలో అప్పటి బ్రెజిల్ డబ్బులో 6 మిల్‌రెయిస్ మిగిలాయట. అప్పట్లో అవ్రోరా వీధిలో కరెంటుతో చెరుకు రసం తీసే మెషిన్ ఒకటి పెట్టారు, జనం ఎగబడి తాగుతున్నారు. మనమూ అలాంటిది ఒకటి కొనుక్కుని వ్యాపారం చేసుకుందాం, ఫుట్‌బాల్ వదిలేద్దాం అని ఒకరు మీటింగ్‌లో అన్నారు. చాలామంది సరే అనబోతుండగా అలెషాంద్రె కర్వాల్యో అనే అబ్బాయి బల్ల మీద పిడికిలితో గుద్ది, సాంతా క్రూజ్ మూతపడడానికి వీల్లేదు అని అడ్డుకున్నాడని క్లబ్ వాళ్ళు చెప్పుకుంటారు. రెసిఫేలో నేను చెరుకు రసం తాగిన ప్రతిసారీ ఎవరో ఒకరు నాకు ఈ కథ మళ్ళీ చెప్పేవారు. నేను ప్రతిసారీ మొదటిసారి విన్నట్టే విన్నాను.

ఆ పిల్లల క్లబ్బే 1919లో రియో నుంచి వచ్చిన బొటఫోగోని 3-2తో ఓడించింది. ఆ గెలుపు ఈశాన్య బ్రెజిల్ వాళ్ళకి ఎందుకంత ముఖ్యమో తెలియాలంటే దేశం సంగతి కొంచెం తెలియాలి. డబ్బు, పత్రికలు, రేడియోలు అన్నీ రియో, సావ్ పాలో చేతిలో. కరువుల కాలంలో ఈశాన్యం నుంచి లక్షల మంది పని కోసం అక్కడికే వలస పోయారు, అక్కడ వీళ్ళ యాసని వెక్కిరించేవాళ్ళు. ఈ వైపు చాలా ఊళ్ళలో జనం రియో రేడియో విని విని ఫ్లమెంగో, వాస్కో అభిమానులైపోయారు. సొంత ఊరి టీమ్ ఒకటి, రియో టీమ్ ఒకటి పెట్టుకునేవాళ్ళని "మిస్తో" అంటారు, కలగలుపు మనిషి అని. పెద్దాయన నోట నేను విన్న పెద్ద తిట్టు అదే. మా ఆఫీసులో ఒకతను ఫ్లమెంగో చొక్కాతో మా ఇంటికి వస్తే కాఫీ ఇచ్చారు, కేకు ఇచ్చారు, మంచిగా మాట్లాడారు, అతను వెళ్ళాక నా వైపు తిరిగి "పాపం, మిస్తో" అన్నారు, నిజంగా బాధతో.

1943 గురించి ఆయన వాళ్ళ నాన్న దగ్గర విన్నది చెప్పేవారు. క్లబ్ చేతిలో డబ్బు లేదు, అందుకని టీమ్‌ని ఓడ ఎక్కించి ఉత్తరాన అమెజాన్ వైపు బెలెం, మనావుస్ దాకా ఆటలు ఆడడానికి పంపారు. అప్పటికి బ్రెజిల్ యుద్ధంలోకి దిగింది, తీరం వెంబడి జర్మన్ జలాంతర్గాములు ఓడల్ని ముంచేస్తున్న రోజులు. వెళ్ళినవాళ్ళు నెలల తరబడి తిరిగి రాలేకపోయారు. తిండికీ ప్రయాణానికీ ఆటల మీద వచ్చే డబ్బే దిక్కు. దారిలో టైఫాయిడ్ వచ్చి కింగ్ అనే గోల్‌కీపర్, పపెయిరా అనే ఫార్వర్డ్ బెలెంలో చనిపోయారు. మిగిలినవాళ్ళు ఆడుతూనే ఉన్నారు, ఆడితేగాని ఇల్లు చేరలేరు కాబట్టి. ఈ కథ చెప్పేటప్పుడు పెద్దాయన రేడియో ఆపేసేవారు.

ఇక 1975. ఆ సంవత్సరం ఎత్తితే ఆయన చేతులు వణికేవి. అప్పటికి క్లబ్ 1969 నుంచి 1973 దాకా వరుసగా ఐదుసార్లు రాష్ట్ర ఛాంపియన్, 1973లో దేశం మొత్తం మీద ఎక్కువ గోల్స్ కొట్టిన రామోన్ వీళ్ళవాడే. 1975 జాతీయ పోటీలో రియోలోని మరకానా స్టేడియంకి వెళ్ళి ఫ్లమెంగోని 3-1తో కొట్టి సెమీఫైనల్‌కి వచ్చారు. సెమీఫైనల్ అరూడాలోనే, క్రుజెయిరోతో. 3-2తో ఓడిపోయారు. ఆ మూడో గోల్ గురించి 36 ఏళ్ళ తర్వాత కూడా ఆయన నాతో వంటింట్లో గిన్నెలు తోముతూ వాదించేవారు. నేనేమో అప్పటికి పుట్టనేలేదు. ఈశాన్యపు టీమ్ ఒకటి దేశపు ఫైనల్ గుమ్మం దాకా వెళ్ళి ఆగిపోయింది, ఆ గుమ్మం దగ్గర ఆయన ఉన్నారు, అంతే.

నాకు ముందు తెలియని సంగతి ఇంకోటి, రివాల్డో మొదట పేరు తెచ్చుకున్నది ఇక్కడే. 2002 వరల్డ్ కప్ మా హాస్టల్ టీవీ రూములో కుర్చీల మీద నిలబడి చూశాం, రివాల్డో అంటే మాకు దేవుడు. రెసిఫే పక్కన పౌలిస్తాలో పేద ఇంట్లో పెరిగి, నాన్న ప్రమాదంలో పోయాక కూడా ప్రాక్టీసు మానకుండా సాంతా క్రూజ్‌లో చేరి, 1992లో మోజీ మిరిం క్లబ్‌కి వెళ్ళిపోయాడు. పెద్దాయన అతన్ని సన్నగా, పొడుగ్గా, ఎవరితోనూ మాట్లాడని కుర్రాడిగా చూశారు. "మా అందరికీ అతను ఎప్పుడూ ఆకలితో ఉన్నట్టు కనిపించేవాడు" అనేవారు.

బ్రెజిల్ జాతీయ జట్టు చేతులు పట్టుకుని వరసగా మైదానంలోకి రావడం చూసే ఉంటారు. అది మొదలైంది అరూడాలోనే. 1993లో వరల్డ్ కప్ క్వాలిఫయింగ్‌లో బొలీవియా చేతిలో ఓడి, దేశమంతా తిట్టిపోస్తుంటే, ఆగస్టులో అదే బొలీవియాతో ఆడడానికి రెసిఫే వచ్చారు. ఊరు జట్టుని నెత్తిన పెట్టుకుంది. ఆటగాళ్ళు చేతులు కలిపి లోపలికి వచ్చారు, 6-0తో గెలిచారు, మరుసటి ఏడాది కప్పు కూడా గెలిచారు. కాంక్రీటు ఊగిందని పెద్దాయన ఒట్టేసి చెప్పారు.

నా సొంత జ్ఞాపకాల్లో అన్నిటికంటే పెద్దది 2011 అక్టోబరు. మేలో రాష్ట్ర ఫైనల్లో స్పోర్ట్‌ని ఓడించి, ఆ క్లబ్ వరుసగా ఆరోసారి గెలవకుండా ఆపినప్పుడే ఊరు రెండు రోజులు నిద్రపోలేదు. కానీ అసలు లెక్క డీ డివిజన్‌ది. క్వార్టర్ ఫైనల్లో కాంపీనా గ్రాండి ఊరి త్రేజి టీమ్. అక్కడ 3-3. ఇక్కడ ఓడకుండా, మరీ ఎక్కువ గోల్స్ ఇవ్వకుండా ఉంటే సెమీఫైనల్, సెమీఫైనల్ అంటే సీ డివిజన్‌కి ప్రమోషన్. గేట్లు తెరవకముందే మేము అక్కడున్నాం. లెక్క ప్రకారం 59,966 మంది. దేశంలో నాలుగో డివిజన్ ఆటకి! ఆ ఏడాది సాంతా క్రూజ్ ఒక్కో ఆటకి సగటున 36 వేల మందికి పైగా జనాన్ని రప్పించింది, అన్నిటికంటే పైనున్న 'ఏ' డివిజన్‌లో ఛాంపియన్ అయిన కొరింథియన్స్ కూడా అంత మందిని రప్పించలేకపోయింది. ఈ అంకె నేను ఇండియాలో ఎవరికి చెప్పినా రెండోసారి అడిగి కనుక్కుంటారు.

ఆట గొప్పగా ఏమీ లేదు. నిజం చెప్పాలంటే నాకు ఆట సగం గుర్తు లేదు, ఆ టెన్షన్ గుర్తుంది. బంతి మన పెనాల్టీ బాక్స్ దగ్గరికి వచ్చినప్పుడల్లా అరవై వేల మంది ఒక్కసారిగా ఊపిరి బిగబట్టడం ఎలా ఉంటుందంటే, డ్రమ్ములు కూడా ఆగిపోయేవి, పక్కవాడి గొంతులో గుటక వినిపించేది. గోల్‌కీపర్ తియాగో కార్దోజో బంతి పట్టుకున్న ప్రతిసారీ మా ముందు మెట్టు మీద ఒకావిడ జపమాల ముద్దు పెట్టుకునేది. చివరి పది నిమిషాలు పెద్దాయన మైదానం వైపు చూడలేదు, కళ్ళు మూసుకుని రేడియో చెవికి ఆనించుకుని కూర్చున్నారు. 0-0. విజిల్ పడగానే ఆయన లేవలేదు. నా మోచెయ్యి పట్టుకుని "అయిపోయిందా? వాళ్ళు అయిపోయిందన్నారా?" అని అడిగారు. అయిపోయిందని చెప్పాను. అప్పుడు ఏడ్చారు, చుట్టూ ఎవరు ఏడవటం లేదో వెతుక్కోవాల్సిందే.

ఫైనల్లో తుపి టీమ్ చేతిలో ఓడిపోయారు. దాని గురించి ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు.

హైదరాబాద్‌లో పని చేసిన రోజుల్లో మా సీనియర్ ఒకాయన సిటీ పోలీస్ ఫుట్‌బాల్ టీమ్ గురించి చెప్పేవారు. 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన టీమ్, రహీం సాబ్ కోచ్. అప్పుడు నేను సగం చెవితో విన్నాను. అరూడాలో ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు అది గుర్తొచ్చి చాలా బాధేసింది. మనకీ ఒక టీమ్ ఉండేది, దాని కథలు చెప్పగలిగే పెద్దవాళ్ళు మన మధ్యే ఉండేవారు, నేను కూర్చుని వినలేదు.

2013 నవంబరులో బీకి ప్రమోషన్, మళ్ళీ అరవై వేల జనం. డిసెంబరులో సంపాయో కొర్రేయాని 2-1తో ఓడించి సీ డివిజన్ కప్పు ఎత్తారు. పక్కనే వీధిలో ఫ్రెవో అనే అక్కడి కార్నివాల్ సంగీతం వాయించే బ్యాండు తెల్లారేదాకా వాయించింది. మరుసటి వారం నేను వచ్చేశాను. ఎయిర్‌పోర్టులో పెద్దాయన తన రేడియో నా చేతిలో పెట్టారు. వద్దన్నా వినలేదు, "నీకు మనవాళ్ళ ఆట ఎవరు చెప్తారు అక్కడ" అన్నారు. ఆ రేడియోకి సముద్రాలు దాటి ఏ స్టేషనూ అందదని ఇద్దరికీ తెలుసు.

ఆ తర్వాతదంతా ఫోన్లో చూసినదే. 2014 మేలో ఆట అయ్యాక స్టేడియం పైనుంచి ఎవరో విసిరిన టాయిలెట్ కమోడ్ తగిలి కింద వెళ్తున్న ఒక అభిమాని చనిపోయాడు. ఆ వార్త చదివి ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు, నేను కర్రపెండలం తింటూ నడిచిన రోడ్డే కదా అది. పెద్దాయన కూడా కొన్ని నెలలు ఆటకి వెళ్ళలేదు. 2015లో 'ఏ' డివిజన్‌కి ఎక్కారు, పదేళ్ళకి. 2016లో ఈశాన్య కప్పు గెలిచారు, 'ఏ' డివిజన్‌లో మొదటి ఆటే విటోరియాని 4-1తో కొట్టి పట్టికలో పైన కూర్చున్నారు. ఆ పట్టిక స్క్రీన్‌షాట్ ఇప్పటికీ నా ఫోన్లో ఉంది. ఆ ఏడాది చివరికి 19వ స్థానం. మళ్ళీ బీ, వెంటనే సీ, 2021లో డీ. 2024లో అసలు ఏ జాతీయ డివిజన్‌లోనూ చోటు లేదు. రాష్ట్ర పోటీ అయ్యాక ఏడాదిలో మిగిలిన కాలమంతా ఆడడానికి ఆటే లేదు.

పెద్దాయన అది చూడలేదు. 2023లో పోయారు. వాళ్ళమ్మాయి వాట్సాప్‌లో రాసింది, శవపెట్టెలో ఫ్రేములోని ఆ చొక్కా పెట్టి పంపామని.

2025లో క్లబ్ మళ్ళీ డీలోకి వచ్చి, ఆ ఏడాదే సీకి ఎక్కింది. రెసిఫేలో సాయంత్రం 4 గంటలంటే మనకి అర్ధరాత్రి పన్నెండున్నర. ఆ సీజన్లో నేను చాలా ఆటలు రెసిఫే రేడియో స్టేషన్ నెట్‌లో పెట్టుకుని విన్నాను, ఇంట్లో అందరూ పడుకున్నాక, వంటింట్లో లైటు వెయ్యకుండా. పాత బ్యాటరీ రేడియో ఫ్రిజ్ మీద ఉంటుంది. మా అబ్బాయి ఒకసారి మంచినీళ్ళకి లేచి వచ్చి, చీకట్లో నన్ను చూసి, "ఏంటి నాన్నా, ఆట ఎవరిది?" అని అడిగాడు. మనదే అని చెప్పి పక్కన కూర్చోబెట్టుకున్నాను. వాడికి ఒక్క ముక్క అర్థం కాలేదు, అయినా రెండో సగం అయ్యేదాకా కూర్చున్నాడు.